అధికార విభజనము - అమరావతి పాఠము

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపట్ల గ్రామములనుండి ప్రభలు తరలివచ్చుట పలనాటివారికి విదితమే. ఎత్తయిన ప్రభ యొరగకుండుటకై రైతులు వేర్వేరు వైపుల మోకులు పట్టి నడతురు. ఎడమవైపువారు తమవైపునకును, కుడివైపువారు తమవైపునకును బిగింతురు. క్రొత్తగా జూచువాని కది కలహముగా దోచును. కాని ప్రభ నిలిచి నడచుట యా బిగింపువలననే. ఒకవైపు మోకులు సడలినచో రెండవవైపువారి బలమే దానిని కూలద్రోయును. రాజ్యాంగమునందలి శాసన, కార్యనిర్వాహక, న్యాయశాఖల సంబంధమును నిట్టిదే.

1787లో తాము రచించుకొనిన రాజ్యాంగమునందు అమెరికావారు ఈ సూత్రమును స్పష్టముగా నెలకొల్పిరి. కాంగ్రెసు ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు నిరాకరింపవచ్చును. ఉభయసభలును మూడింట రెండువంతుల సమ్మతితో ఆ నిరాకరణమును త్రోసిపుచ్చవచ్చును. న్యాయమూర్తులను అధ్యక్షుడు ఎంచును. సెనేటు అంగీకారము కావలయును. ఖజానా తాళము కాంగ్రెసు చేతనున్నది. రాజ్యాంగవిరుద్ధమైన శాసనము చెల్లదని చెప్పు నధికారము తమకు గలదని సుప్రీంకోర్టు 1803లో నిర్ణయించెను. 1952లో కొరియా యుద్ధము సాగుచుండగా, ఉక్కు కర్మాగారములందు సమ్మె రానున్నదని అధ్యక్షుడు ట్రూమన్ వానిని స్వాధీనపరచుకొనెను. అట్టి యధికారము ఆయనకు లేదని న్యాయస్థానము తీర్పు చెప్పగానే వానిని తిరిగి యిచ్చివేసెను. సర్వసేనాధిపతి సేనలులేని న్యాయస్థానమునకు తలయొగ్గినాడు.

మన పద్ధతి వేరు. అమెరికాలో అధ్యక్షుని, కాంగ్రెసును ప్రజలు వేర్వేరుగా నెన్నుకొందురు. ఇచ్చట శాసనసభలోని అధికసంఖ్యాకుల నాయకుడే ముఖ్యమంత్రి. కార్యనిర్వాహకవర్గమును నిలదీయవలసిన సభ సామాన్యముగా దాని యదుపులోనే యుండును. ఇక మిగులునవి శాసనమండలియు, న్యాయస్థానములును మాత్రమే.

దీని ఫలితమును కోటప్పకొండకు ఈశాన్యముగా, కృష్ణాతీరమునందలి రైతులు చవిచూచిరి. రాజధాని నిర్మాణమునకై వారు 33 వేల యెకరములకు పైగా భూమిని సమీకరణ పద్ధతిని ప్రభుత్వమునకు అప్పగించిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. 2019 ఎన్నికలలో 175 స్థానములకు 151 గెలిచిన నూతన ప్రభుత్వము, మూడు రాజధానుల బిల్లును 2020 జనవరి 20న సభలో ప్రవేశపెట్టి యా రాత్రికే ఆమోదింపజేసెను. రెండుదినముల పిమ్మట మండలి అధ్యక్షులు షరీఫుగారు దానిని సెలెక్టు కమిటీకి పంపనెంచిరి. అందులకు ప్రత్యుత్తరముగా, మండలినే రద్దుచేయవలెనని శాసనసభ జనవరి 27న తీర్మానించెను. ప్రశ్నించినవానికి సమాధానము చెప్పుటకు మారుగా, వాని పీఠమునే తొలగింపజూచుట యిది. పార్లమెంటు ఆ తీర్మానముపై ఏమియు చేయలేదు. 2021 నవంబరులో సభయే దానిని ఉపసంహరించుకొనెను.

బిల్లులు మాత్రము నిలువలేదు. శాసనసభ రెండవమారు ఆమోదించినచో మండలి వానిని ఒక మాసమునకు మించి ఆపజాలదు. 2020 జూలై 31న గవర్నరు సమ్మతి లభించెను. రైతులు హైకోర్టు నాశ్రయించిరి. విచారణ సాగుచుండగనే 2021 నవంబరులో ప్రభుత్వము తన శాసనములను తానే రద్దుపరచుకొనెను. రాజధానిని మార్చుటకు శాసనసభకు అధికారము లేదనియు, ఆరు మాసములలో నిర్మింపవలెననియు 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు చెప్పెను. ఆ గడువులను నవంబరు 28న సుప్రీంకోర్టు నిలిపివేసి, న్యాయస్థానము పట్టణ నిర్మాత కాగలదా యని ప్రశ్నించెను. 2025 మే 2న పనులు పునఃప్రారంభమగువరకు అయిదేండ్లకు పైగా గడచినవి. పొలము నిచ్చిన రైతునకు పొలమును లేదు, పట్టణమును లేదు.

రాజధాని యెచ్చట నుండవలెనను విషయమున అభిప్రాయభేదము సహజమే. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక మొదలు రాయలసీమవారి కోరిక మనకు తెలిసినదే. దానిని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వము విధానమును మార్చుకొనరాదా యని కొందరు అడుగుదురు. మార్చుకొనవచ్చును. కాని వేలాది కుటుంబముల బ్రతుకు ఆధారపడిన మాటను ఒక్కదినపు చర్చతో మార్చుట శాసననిర్మాణము కాదు. ఆ బిల్లు మొదటనే కమిటీకి పోయి, అమరావతి రైతుల వాదమును, కర్నూలువారి వాదమును సమానముగా విన్నచో, న్యాయస్థానముపై నింత భారము పడియుండెడిది కాదు. శాసనసభ వినవలసినదానిని వినకపోవుటచేతనే, నగర నిర్మాణపు గడువులను సయితము న్యాయమూర్తులు నిర్ణయింపబూనిరి.

ఈ దోషము ఒక పక్షమునకు చెందినది కాదు. 2024 ఎన్నికలలో మరియొక కూటమి 164 స్థానములు గెలిచెను. ప్రతిపక్షమునకు దక్కినవి 11 మాత్రమే. అధికారము చేతులు మారినదేగాని, సభలోని అసమానత మరింత పెరిగినది. కావున ముఖ్యమైన ప్రతి బిల్లును కమిటీ పరిశీలనకు పంపుట యాచారము కావలెను. మండలి చూపు సందేహమును ద్రోహముగా నెంచరాదు. ప్రజల ఆస్తికి సంబంధించిన వ్యాజ్యములను న్యాయస్థానములు శీఘ్రముగా తేల్చవలెను. తమతో పాటు ఎదుటివైపున మోకు పట్టినవాడు శత్రువు కాడని పలనాటి రైతు లెరుగుదురు. శాసనసభలోని పెద్దలును దానిని గ్రహింతురుగాక.