ఆ గీత పిల్లలకు తెలుస్తుందా?

2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరైన్ కార్తికేయన్ ఊరు కోయంబత్తూరు. అందుకే కాబోలు, అటు కోయంబత్తూరులోనూ ఇటు హోసూరులోనూ మన తెలుగు ఇళ్లలో పిల్లలకు రేసుల పిచ్చి ఎక్కువే.

రేసర్ పనితనమంతా మలుపు దగ్గర తేలిపోతుంది. బ్రేకు ఎంత ఆలస్యంగా వేస్తే అంత సమయం కలిసొస్తుంది. కానీ టైరుకున్న పట్టునే బ్రేకూ, మలుపూ పంచుకోవాలి. ఒకటి ఎక్కువ తినేస్తే రెండోదానికి మిగలదు, బండి జారుతుంది. ఆ గీత అంచు దాకా వెళ్లి ఆగడమే రేసింగ్. దాటితే గానీ గీత ఎక్కడుందో తెలియదు, చిక్కంతా అదే. అయర్టన్ సెన్నా అంతటివాడే 1988 మొనాకో రేసులో అందరికన్నా చాలా ముందుండి కూడా గోడకు గుద్దుకున్నాడు.

మరి 13 ఏళ్ల పిల్లాడి సంగతేంటి? 2023 ఆగస్టు 5న చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో బైక్ రేసులో పడి చనిపోయిన బెంగళూరు బాలుడి వయసు అంతే. రోడ్డు మీద గేరు బండి నడపాలంటే 18 నిండాలనే చట్టం ట్రాక్ గేటు దగ్గరే ఆగిపోవాలా?

చిన్నప్పుడే మొదలెట్టకపోతే పైకి రాలేరంటారు. నిజమే కావచ్చు. అయితే నేర్చుకోవడం వేరు, గుంపులో పోటీ పడడం వేరు. 2021లో విదేశీ ట్రాక్‌లపై ముగ్గురు కుర్రాళ్లు పోయారు. వారిలో ఇద్దరికి 14, 15 ఏళ్లే. ఆ తర్వాతే అంతర్జాతీయ సమాఖ్య 2023 నుంచి మోటోజీపీ పోటీలకు 18 ఏళ్లు ఉండాలంది. ఇక్కడా పిల్లలకు గడియారంతో పోటీ చాలు. నిబంధన మార్చాల్సింది సమాఖ్యే. తల్లిదండ్రులు మాత్రం అందాకా ఆగక్కర్లేదు.