నీళ్ళ పద్దులో బిందెకి చోటేది?

కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలోనే వేసవిలో మంచినీళ్ళకు కటకట. వినటానికి వింతగా ఉంటుంది గానీ లెక్క చూస్తే వింతేమీ లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది. బ్యారేజీ నిల్వ చేయగలిగేది 3 టీఎంసీలు, కాస్త చిల్లర. అంటే ఆ ఉధృతిలో ముప్పావు గంటలో పోయిన నీరే! వానాకాలపు నిండుదనం చూసి ఎండాకాలాన్ని మరిచిపోతే ఎలా?

వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేముందు వదిలిన నీటితో ఊరి చెరువు నిండాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా తాగటానికీ వండటానికీ అదే. శివారు ఊరికి ఆ నీరు అందకపోతే? బోరు వేసుకోమంటారు. ఈ సలహా ఇచ్చేవాళ్ళు తీరంలో బోరు నీళ్ళతో ఎప్పుడూ పప్పు ఉడకేసి చూడలేదు లెండి.

తీరంలో భూమి కింద ఉన్నది చాలావరకు ఉప్పునీరే. ఇసుక మేటల్లో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి దాని మీద పలచని పొరగా నిలుస్తుంది. చెలమ తీసి చెంబుతో తోడుకునే ఆడవాళ్ళకు ఈ సంగతి ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు. నెమ్మదిగా తోడాలనీ, ఊరేదాకా ఆగాలనీ వాళ్ళకు తెలుసు. అక్కడ మోటారు పెట్టి మంచినీటి మట్టాన్ని ఒక్క అడుగు దించితే, అడుగునున్న ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదని శాస్త్రం లెక్క. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు వస్తే పైనుంచి కూడా ఉప్పు దిగుతుంది. చెడిన పొర బాగుపడాలంటే ఎన్నో వానాకాలాలు కావాలి.

మరి ఈ నీళ్ళ పద్దు రాసేదెవరు? 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళది. పొలం భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది. నాట్లు వేసేది, కలుపు తీసేది, బిందె మోసేది మనం. ఓటు మాత్రం పట్టాకి! ఇక భూమిలేని కూలి ఆడమనిషి సంగతి చెప్పేదేముంది? తాగునీటికే మొదటి ప్రాధాన్యమని జాతీయ జలవిధానం 1987లోనే అంది. 2010లో ఐక్యరాజ్యసమితి నీటిని మానవహక్కుగా గుర్తించింది. కాలువ కట్టే తేదీ చెప్పేముందు "మీ చెరువు నిండిందా అమ్మా?" అని మనల్ని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

వరికి నీళ్ళొద్దని మనం అనటం లేదు, ఆ చేలో కూలే మనలో చాలామందికి తిండి. కాలువ కట్టేముందు ప్రతి ఊరి చెరువులో ఎన్ని అడుగుల నీరుందో, అది ఎన్నాళ్ళొస్తుందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయమందాం. శివారు చెరువు నిండందే కట్టొద్దందాం. ఇసుక మేటల్లో మోటార్లు ఆపించాలి. నీటి సంఘంలో పట్టాతో పనిలేకుండా స్త్రీలకు ఓటుండాలి. ఇదంతా ఎండలు ముదిరాక కాదు, సంక్రాంతి వెళ్ళగానే అడగాలి. చెరువులు నింపటానికి అప్పటికింకా కాలువలో నీళ్ళుంటాయి.