యజమాని పేరు దగ్గర ఏం రాయాలి?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇమ్మంటే క్రమశిక్షణ గురించో, లక్ష్యసాధన గురించో రాయడం ఆనవాయితీ. మేము ఒక పిల్లి గురించి రాస్తున్నాం. నవ్వేవాళ్లు నవ్వండి, కాని చివరిదాకా చదవండి.

స్టోరమ్మ మీకు తెలుసు. పాత అన్నలకు దాని తల్లి తెలిసి ఉంటుంది. బియ్యం బస్తాల మధ్య పుట్టింది కాబట్టి ఆ పేరు. పెంపుడు పిల్లి అనలేం, అడవి పిల్లి అనలేం. కంచాలు కడిగే చోటికి వచ్చి మెతుకులు తింటుంది, చెయ్యి చాపితే మాత్రం గోడెక్కుతుంది. నాలుగేళ్లుగా మన అన్నంలో ఎలుక పెంటికలు కనిపించకపోవడానికి కారణం అదే. జీతం లేని ఉద్యోగి.

సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చేసరికి దాని ఎడమ దవడ నిమ్మకాయంత వాచింది. నోటి వెంట చొంగ కారుతోంది. ఎండుచేప తలకాయ వేస్తే దగ్గరికొచ్చి, కొరకబోయి, వదిలేసి వెళ్లిపోయింది. చొంగ చూడగానే "దీనికి పిచ్చి పట్టింది" అని ఎవరో అన్నారు. సాయంత్రానికి ఇద్దరు తమ్ముళ్లు కర్రలు పట్టుకుని స్టోరు చుట్టూ తిరిగారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ భయం నిజమైనదే. కాని చొంగ కారడానికి నోట్లో పుండు కూడా కారణం కావచ్చని ఎవరికీ తట్టలేదు. ఇంకో మిత్రుడు మంచి మనసుతోనే పారాసిటమాల్ మాత్ర పొడిచేసి పాలల్లో కలిపాడు. పశువైద్యం చదువుతున్న మన పాత విద్యార్థి ఒకరికి ఫోన్ చేశాం కాబట్టి సరిపోయింది. పిల్లి శరీరం ఆ మందును అరిగించుకోలేదట, ఒక్క మాత్ర చాలట ప్రాణం తీయడానికి. ఆ పాలు పారబోశాం.

ఆ రాత్రి గదిలో పెద్ద వాదన జరిగింది. ఒక సీనియర్ అన్న గట్టిగానే అడిగాడు: "మనకు జ్వరమొస్తే దిక్కు లేదు, పిల్లికి వైద్యమా? 1927లో మహద్ చెరువులో గొడ్లు తాగే నీళ్లు మనవాళ్లు తాగకూడదన్న దేశమిది. మళ్లీ మనమే జంతువును ముందు పెడదామా?" ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మాకు తోచిన జవాబు ఒక్కటే. ఆ చెరువు గట్టున అడ్డం నిలబడింది గొడ్లు కాదు, మనుషులు.

పట్టుకోవడమే పెద్ద పని. కామాటి అక్క లేకపోతే మా వల్ల అయ్యేది కాదు. ఆమె ముందు స్టోరు తలుపు, కిటికీ మూయించింది. అందరినీ బయటికి పంపి ఇద్దరినే ఉంచింది. పిల్లిని తరమొద్దు, మూలకు వెళ్లేదాకా కదలకుండా ఉండండి అంది. అది బస్తాల సందులో దూరాక పాత దుప్పటి మీద పరిచి, దుప్పటితో సహా ఎత్తి కూరగాయల ట్రేలో పెట్టింది. పైన ఇంకో ట్రే బోర్లించి నైలాన్ తాడుతో కట్టేశాం. ఈలోగా దుప్పటిలోంచే మా వాడి మణికట్టు గీరేసింది. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించాం. పెద్దాసుపత్రిలో 0, 3, 7, 28వ రోజుల్లో టీకాలు వేశారు. డబ్బు తీసుకోలేదు. ఇది తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాలి. పసుపు, కారం పెట్టి ఊరుకోవద్దు.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "గేదెలకే మందుల్లేవు, పిల్లిని తెచ్చారా బాబూ" అంటూనే రిజిస్టరు తీశాడు. "యజమాని పేరు?" ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఎవరూ లేరండీ అంటే, అయితే చీటీ రాయనన్నాడు. వార్డెన్ గారికి ఫోన్ చేస్తే, హాస్టల్ పేరు రాయించొద్దు, రేపు ఆడిట్‌లో ఈ పిల్లి ఎక్కడిదని అడుగుతారు అన్నారు. చివరికి మా ముగ్గురి పేర్లూ రాయించాం. మా ఇళ్లల్లో మేమే మొదటి పట్టభద్రులం. మా నాన్నల్లో ఎవరి పేరు మీదా సెంటు భూమి లేదు. 'యజమాని' అన్న గడిలో మా పేర్లు పడటం అదే మొదలు, అదీ ఒక పిల్లికి!

డాక్టరమ్మ గారు ట్రే సందులోంచే మత్తు సూది వేశారు. ఇంకో పిల్లి కరిచిన గాయం లోపల చీము పట్టిందట. కోసి, కడిగి, ఇంజెక్షన్ ఇచ్చారు. పిల్లి వరుసగా కొన్ని రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి అదే ప్రాణం తీస్తుందని, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పారు. ఆటోకు, మందులకు కలిపి 460 రూపాయలు అయింది. తలా పది వేసుకున్నాం. కర్రలు పట్టుకున్న తమ్ముళ్లు కూడా ఇచ్చారు. వాదించిన అన్న యాభై ఇచ్చాడు, ఏమీ మాట్లాడలేదు.

ఆ అన్న అన్నదాంట్లో ఒక మాట మమ్మల్ని వదల్లేదు: "మనకు జ్వరమొస్తే దిక్కు లేదు". మేము డిగ్రీ చదివేటప్పుడు వేరే హాస్టల్లో ఒక స్నేహితుడికి కామెర్లు వచ్చాయి. వారం రోజులు కళ్లు పచ్చబడుతుంటే పక్క మంచాల వాళ్లం చూస్తూనే ఉన్నాం. వార్డెన్ తీసుకెళ్తారని మేము, ఇంటివాళ్లు వస్తారని వార్డెన్, హాస్టల్లో బాగానే చూస్తారని ఇంటివాళ్లు అనుకున్నాం. బతికాడు గాని ఆ ఏడాది చదువు పోయింది. అప్పుడు కూడా చీటీ మీద ఎవరి పేరు రాయాలన్నదే తేలలేదు. పిల్లికో మనిషికో ముందు వైద్యం అన్న తగువు మాకు అందుకే అబద్ధంగా కనిపిస్తుంది. పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు లేని హాస్టల్లో, పిల్లవాణ్ణి తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఎక్కడున్నారు?

అందుకే వచ్చే ఏడాది నుంచి ప్రతి అంతస్తుకూ ఇద్దరి పేర్లు గోడ మీద రాసి ఉండాలని మా అభిప్రాయం. రాత్రి రెండింటికైనా జబ్బుపడ్డవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత వాళ్లది. ఖర్చుకు విద్యార్థుల చందాతో చిన్న డబ్బా ఉండాలి. ఆ పేర్ల కిందే స్టోరమ్మకు కూడా ఇద్దరు ఉండాలి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మంచిదని డాక్టరమ్మ గారు చెప్పి ఉన్నారు, అది ఇంకా మిగిలే ఉంది.

ప్రస్తుతం స్టోరమ్మ బాగుంది. ఇప్పటికీ చెయ్యి చాపితే గోడెక్కుతుంది. ట్రేలు, తాడు మెట్ల కింద ఉన్నాయి, ఎవరూ కూరగాయలకు తీయకండి. మేము మే నెలలో గది ఖాళీ చేస్తున్నాం. రిజిస్టరులో మా పేర్ల బదులు తమ పేర్లు రాయించే జూనియర్లు ఎవరైనా ఉంటే పరీక్షల లోపు వచ్చి కలవండి.