సీక్వెన్సర్ సరే, ఖర్చులు ఎవరిస్తారు?

మెట్‌పల్లి, కోరుట్ల వైపు నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోయే రోగి సంచిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. అందులో మైనంలో బిగించిన కణితి ముక్క. ఆసుపత్రిలో దాన్ని బ్లాక్ అంటారు. అది పోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు గనుక బస్సులో ఒళ్లోంచి దింపరు.

ఆ ముక్కలో ఏ జన్యువు చెడిందో తెలిస్తే మందే మారిపోవచ్చు. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కు మూలమైన జన్యులోపం తెలియబట్టే 2001లో ఇమాటినిబ్ మాత్ర రోగుల చేతికొచ్చింది.

అయితే ప్రపంచం వాడుకునే జన్యు సమాచారం ఎవరిది? 2006లో మొదలైన అమెరికా టీసీజీఏ ప్రాజెక్టు 33 రకాల క్యాన్సర్లను పరిశీలించింది. నమూనాలిచ్చిన వారిలో అత్యధికులు తెల్లజాతివారే. మన శాస్త్రవేత్తలు 2013లో బుగ్గ లోపలి భాగం, చిగుళ్ల క్యాన్సర్‌ను పరిశీలిస్తే దానికే ప్రత్యేకమనదగ్గ ఐదు జన్యువులు బయటపడ్డాయి. ఐఐటీ మద్రాస్ 2025లో 480 రొమ్ము క్యాన్సర్ నమూనాల వివరాలు విడుదల చేసింది. మంచి పనే, కానీ ఇంత దేశానికి ఏ మూలకు? అలవాట్లు జిల్లాకో తీరు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే జబ్బును పరిశోధకులు దశాబ్దాలుగా నమోదు చేస్తున్నారు. ఇటు జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు వేసి బీడీలు చుడతారు. ఏళ్లకేళ్లు పీల్చిన ఆ దుమ్ము కణాల్లో ఏం మార్పు తెస్తోందో ఇక్కడి నమూనాలు పరీక్షిస్తేనే తేలుతుంది.

కాబట్టి ఎంఎన్‌జేకు అనుబంధంగా ప్రభుత్వమే జన్యు పరిశోధనశాల పెట్టాలి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి జన్యు పరిశోధన సంస్థలున్న ఊళ్లో తెలిసినవాళ్లకు కొదవా? పేచీ అంతా బడ్జెట్ రాసే తీరుతోనే. యంత్రానికి ఒకసారి డబ్బులిచ్చి, రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి వెళ్లిపోతారు. జన్యువులను చదివే ఆ యంత్రాన్ని, అంటే సీక్వెన్సర్‌ను, నడిపిన ప్రతిసారీ ఖరీదైన రసాయనాల కిట్ కావాలి. దానికి గడువు తేదీ ఉంటుంది. సరిపడా నమూనాలు లేకుండా నడిపితే ఒక్కో పరీక్ష ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, కరెంటు పోతే జనరేటర్, సర్వర్లు, డేటాను విశ్లేషించే మనిషి జీతం... వీటికి నిధులు ఆగితే ఆ కోట్ల యంత్రం మీద గుడ్డ కప్పడమే. ఐదేళ్ల నిర్వహణ ఖర్చు లేని ప్రతిపాదనను ఆర్థిక శాఖ వెనక్కి పంపడమే మేలు.

జిల్లాలను కూడా ఈ లెక్కలోకి తేవాలి. జగిత్యాల వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లది 2023లో మొదలయ్యాయి. ముక్క ఫార్మలిన్‌లో రోజుల తరబడి నానితే డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. అలాంటిది హైదరాబాద్ చేరినా ఉపయోగం తక్కువ. తీసిన వెంటనే సరిగ్గా భద్రపరచడానికీ, అనుమతి పత్రాన్ని రోగికి తెలుగులో చదివి వినిపించడానికీ ఆ కళాశాలల్లో శిక్షణ పొందిన టెక్నీషియన్లుండాలి. సీక్వెన్సర్ ధరతో పోలిస్తే ఇది చిల్లర ఖర్చు. తీరా పరీక్షలో మందున్న లోపమే బయటపడితే, ఆ మందును ఆరోగ్యశ్రీలో ఇస్తారా లేదా అన్నది యంత్రానికి టెండరు పిలవకముందే తేల్చాలి.