పప్పు మీద ఊరి పేరుంది... మరి ఆ చేతుల పేరో?

పప్పు కడిగేటప్పుడు ఎప్పుడైనా అనుకున్నారా, ఇది ఏ ఊరి చేలో పండిందో, ఎవరి చేతులు దీన్ని కోశాయో అని? నిజం చెప్పొద్దూ, నేనూ అనుకోలేదు. కొట్లో ధర అడుగుతాం, బాగా ఉడుకుతుందా అని అడుగుతాం. అంతే. ఇటలీలోని ఓ చిన్న పల్లె సంగతి చదివాక మాత్రం నాకు పప్పు డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తొస్తోంది.

ఆ ఊరి పేరు కాస్టెల్లూచో. ఉంబ్రియా ప్రాంతంలో, నోర్చా పట్టణానికి పైన, సుమారు 1,450 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. కింద పెద్ద మైదానం, ఎదురుగా వెత్తోరే పర్వతం. చలికాలం మంచు పేరుకుంటుంది కాబట్టి వసంతంలో విత్తి, వేసవిలో కోసుకుంటారు. పండించేది మన మసూర్‌పప్పు జాతి గింజే. మరీ చిన్నది, తొక్క పలచన, నానబెట్టే పనే లేదు. 1997లో దానికి ఆ ఊరి పేరుతోనే యూరప్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటలీవాళ్లు కొత్త సంవత్సరానికి ఈ జాతి పప్పు వండుకుంటారు. గింజలు నాణేల్లా ఉంటాయి కదా, తింటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం!

మే నెలాఖరు నుంచి జులై మొదటి రోజుల దాకా ఆ మైదానం ఎరుపు, నీలం, పసుపు చారల చీర పరిచినట్టుంటుంది. చూడటానికి జనం బారులు తీరతారు. తమాషా ఏమిటంటే ఆ రంగులు చాలావరకు పప్పు పైరువి కావు. మధ్యలో మొలిచిన గసగసాల జాతి పూలవి, అడవి ఆవాలవి. మన మాటలో చెప్పాలంటే, కలుపువి!

2016 అక్టోబరు 30 ఉదయం 6.5 తీవ్రతతో భూమి కంపించింది. ఊళ్లో చాలా ఇళ్లు కూలిపోయాయి. దారులు మూసుకుపోయాయి. అదను దాటితే ఆ ఏటి పంట పోయినట్టే. అందుకే 2017 ఏప్రిల్‌లో రైతులు ట్రాక్టర్లు వరుసకట్టి కొండెక్కి, విత్తి వచ్చారు. ఉండటానికి ఇల్లు లేకపోయినా ముందు విత్తనం నేలలో పడాలనుకున్నారు. వారసత్వమంటే పాత గోడలే అనుకునే నాకు ఇది చెంపపెట్టులా తగిలింది.

అయితే ఇంకో సంగతీ ఉంది. యంత్రాలు రాకముందు ఆ పైరును వంగి చేత్తో పీకింది ఆడవాళ్లే. వాళ్లను 'కార్పిరీనె' అనేవారట. పీకేవాళ్లని అర్థం. రోజంతా ఎండలో నడుం వంచిన ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా పప్పు ప్యాకెట్టు మీద ఉంటుందా? మట్టికి గుర్తింపు వచ్చింది, ఊరికి గుర్తింపు వచ్చింది. చేతులకు రాలేదు.

ఇది ఇటలీవాళ్ల తప్పని చెప్పడానికి నాకు నోరు లేదు. మన తాండూరు కందికి 2022లో అలాంటి గుర్తింపే వచ్చింది, సంతోషమే. కానీ కంది చేలలో కలుపు తీసిన, పప్పు విసిరిన, వేపాకు వేసి గింజలు దాచిన ఆడవాళ్ల సంగతి ఎంతమందికి తెలుసు? అంతదాకా ఎందుకు? మా అమ్మమ్మ వంటింటి అటక మీద కుండల్లో విత్తనం దాచేది. అది ఏ రకమో, పురుగు పట్టకుండా ఎలా చూసేదో నేనేనాడూ అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, విత్తనాలతో నాకేం పని అనుకున్నాను! ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

పల్లెల వారసత్వాన్ని కాపాడాలని సభల్లో చెప్పేవాళ్లు చెప్తూనే ఉంటారు. మనం మాత్రం ఒక పని చెయ్యగలం. ఇంట్లో అమ్మమ్మో, అత్తగారో, ఆ పని తెలిసిన పెద్దావిడో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడుగుదాం. ఏం విత్తారు, ఎలా దాచారు, ఎలా వండారు అని. ఒక నోటుబుక్కులో రాసి, పైన ఆవిడ పేరు కూడా రాద్దాం. ఆ పేరు రాయడం మర్చిపోకండేం!