మనుషులు లేని అడవి ఎక్కడుంది?

ఫోన్‌లో ఒక వీడియో వస్తుంది: "మనిషి అడుగు పడని ఉత్తర మహారణ్యం." లైక్ కొట్టి ముందుకెళ్ళిపోతాం. ఈసారి ఒక్క నిమిషం ఆగి, ఆ నేల ఎవరిదో అడుగుదాం.

కెనడా వాయవ్య భూభాగాల్లో గ్రేట్ స్లేవ్ సరస్సు ఉంది. లోతు 614 మీటర్లు. ఉత్తర అమెరికాలో ఇంత లోతైన సరస్సు ఇంకొకటి లేదు. దాని తూర్పు పాయ పొడుగునా నిట్టనిలువు రాతి గోడలు, దీవులు. ఈశాన్యంగా పోయేకొద్దీ చెట్లు పొట్టివై, పలచబడి, చివరికి ఆగిపోతాయి. ఆపైన అంతా టండ్రా. కారిబూ జింకలు, తోడేళ్ళు తిరిగే నేల.

ఖాళీ నేల మాత్రం కాదు. సరస్సు ఒడ్డున లుట్సెల్‌కే అనే డెనె ఆదివాసుల ఊరుంది. కొన్ని వందల మందే. బయటి నుంచి రోడ్డు లేదు; విమానమో, పడవో, చలికాలంలో మంచుబండో ఎక్కాలి. లాక్‌హార్ట్ నది మీద పారీ జలపాతం బయటివాళ్ళకి ఒక ఫోటో. డెనెలకి అక్కడ కూర్చున్నది ఒక అవ్వ. జబ్బు చేస్తే, కష్టమొస్తే ఆమె దగ్గరికే పోతారు. మనం కొండదేవతకి మొక్కుకున్నట్టే.

1970 ప్రాంతంలో ప్రభుత్వం అక్కడ జాతీయ పార్కు పెడతానంది. పెద్ద పియెర్ కాథలిక్ సంతకం పెట్టనన్నాడు. 1990ల్లో ఆ ఉత్తరాన వజ్రాల వేట మొదలైంది. ఆ తర్వాత ఊరే మళ్ళీ మాటలకు కూర్చుంది, ఈసారి తన షరతులతో. 2019లో ఒప్పందం కుదిరింది. 26,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేలకి వాళ్ళ భాషలోనే పేరు: థైదెనె నెనె, అంటే పూర్వీకుల నేల. వేట, చేపలు పట్టే హక్కు పోలేదు. నిర్ణయాల్లో వాళ్ళూ సమానం. కాపలా కాసేదీ ఊరి పిల్లలే.

"అడవి బతకాలంటే మీరు పోవాలి" అని మనకి చెప్పేవాళ్ళకి ఇదే జవాబు. పార్కు మంచిదా చెడ్డదా అనేది తర్వాత మాట. కలం ఎవరి చేతిలో ఉందన్నది ముందు తేలాలి.

మన చేతిలోనూ కలం ఉంది. కీలక వన్యప్రాణి ఆవాసం పేరుతో లేపాలన్నా గ్రామసభ సమ్మతి కావాలని 2006 అటవీ హక్కుల చట్టమే చెప్తోంది. అందుకే తమ్ముడూ, చెల్లీ, గ్రామసభ రోజు ఊళ్ళో ఉండండి. తీర్మానం పూర్తిగా చదవందే వేలు ముద్ర పడనివ్వొద్దు. ఈలోగా మీ వాగుకి, మీ గుట్టకి అవ్వాతాతలు పెట్టిన పేర్లు అడిగి రాసుకోండి. బయటి బోర్డు పడకముందే.