మృగశిరకి నాంపల్లిలో క్యూ.. సిటీలో దమ్ముకి కారణం కోనోకార్పస్ చెట్టేనా?

మృగశిర కార్తె వచ్చిందంటే చాలు.. బత్తిని కుటుంబం వేసే చేప ప్రసాదం కోసం వేల మంది నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వస్తారు. అబిడ్స్, ఎంజే మార్కెట్ వైపు రోడ్లు జామ్. వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే బాధ.. దమ్ము, అంటే ఆస్తమా. ఈ బాధకి కొన్నేళ్లుగా ఒక చెట్టు పేరు గట్టిగా వినిపిస్తోంది. అదే కోనోకార్పస్.

ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఎండకి తట్టుకుంటుంది, పశువులు ముట్టవు. అందుకే హరితహారం టైమ్‌లో డివైడర్ల మీద, కాలనీల్లో తెగ నాటారు. గుజరాత్ 2023లో దీన్ని నాటొద్దని ఆదేశాలిచ్చింది. 2025 మార్చిలో మన అసెంబ్లీలోనే స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ ఈ చెట్లు తీసేయాలని ప్రభుత్వానికి సూచించారు. మరి నరికేస్తే దమ్ము తగ్గుతుందా?

కోనోకార్పస్ మీద గట్టి పరిశోధనలు ఎక్కువగా వచ్చింది ఇరాన్, గల్ఫ్ వైపు నుంచి. ఇరాన్‌లోని అహ్వాజ్ సిటీలో 2013 నవంబర్‌లో తొలి వాన పడగానే జనం ఊపిరాడక ఆస్పత్రులకి పరుగెత్తారు. పరిశోధకులు అనుమానించిన వాటిలో ఈ చెట్టు పుప్పొడి ఒకటి. అక్కడి అలర్జీ పేషెంట్లలో చాలామందికి స్కిన్ టెస్టులో పాజిటివ్ వచ్చింది కూడా. కానీ టెస్ట్ పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బుకి అదే కారణం అని కాదు. పైగా అహ్వాజ్ దుమ్ము తుపాన్ల ఊరు.

అసలు ఇంట్రెస్టింగ్ పాయింట్ వాన దగ్గరే ఉంది. మామూలుగా పుప్పొడి రేణువు పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది. తడి తగిలితే అది పగిలి సన్నటి ముక్కలవుతుంది. అవి నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2016 నవంబర్ 21న ఉరుముల వాన తర్వాత ఇలాగే వేల మంది ఆస్పత్రి పాలయ్యారు, 10 మంది చనిపోయారు. అక్కడ కారణం గడ్డి పుప్పొడి. మన దగ్గర మృగశిర అంటే తొలకరి రోజులే కదా!

కలుపు మొక్కల సంగతికొస్తే మనకి వయ్యారిభామ ఉండనే ఉంది. 1950ల్లో పుణెలో కనిపించిన ఈ కలుపు దేశమంతా పాకింది. వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడితో అలర్జీ వస్తుందని మన దేశంలో ఎప్పటి నుంచో పరిశోధనలున్నాయి. ఖాళీ ప్లాట్లలో నడుము ఎత్తు పెరిగినా వాటిని పట్టించుకునేవాళ్లు లేరు. చెట్టు నరికితే ఫొటో వస్తుంది, కలుపు పీకితే ఎవరు చూస్తారు?

ఇక అబిడ్స్ సిగ్నల్ దగ్గర పీల్చే పొగ సంగతి. పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌వో అంటుంటే, మన దేశం పెట్టుకున్న లిమిట్ 40. ఈ పొగ శ్వాసనాళాలని ముందే దెబ్బతీస్తుంది, ఆపైన పుప్పొడి తగిలితే రియాక్షన్ ఇంకా పెరుగుతుంది. అంటే కోనోకార్పస్‌ని పూర్తిగా వదిలేయలేం, మొత్తం తప్పు దాని మీదే వేయనూ లేం.

ప్రసాదం తీసుకున్నా సరే, డాక్టర్ రాసిన ఇన్హేలర్ మాత్రం ఆపొద్దు. ఆయాసం వచ్చినప్పుడు కొట్టే పఫ్ ఒక్కటే సరిపోదని, వాపు తగ్గించే మందు కూడా ఉండాలని 2019 నుంచి ఆస్తమా అంతర్జాతీయ గైడ్‌లైన్స్ చెబుతున్నాయి.

మన ఏక్యూఐ లెక్కలో ఉన్నవి 8 కాలుష్యాలు. పుప్పొడి అందులో లేదు. ఏ కార్తెలో ఏ పుప్పొడి గాల్లో ఎంత ఉందో కూడా రోజూ ఫోన్‌లో కనిపిస్తే, ఏ చెట్టు తీయాలో, ఎవరు ఎప్పుడు జాగ్రత్తపడాలో అప్పుడు తేలుతుంది.